తెరుచుకోని నోరు, కదిలించకూడని దవడ

ఆమె మా దగ్గరికి వచ్చింది పన్ను నొప్పితో. వయసు 44. సొంతూరు కనిగిరి వైపు పల్లె. బెంగళూరు వచ్చి చాలా ఏళ్ళయింది. మారతహళ్లిలో వరసగా ఉండే ఆంధ్రా పీజీల్లో ఒకదాంట్లో వంట చేస్తుంది. కింద కుడివైపు మొదటి దవడపన్ను, మా లెక్కలో 46, రాత్రిళ్ళు నిద్రపోనివ్వడం లేదు. చేతిలో పెద్ద కవరు, అందులో ఓపీజీ ఫిల్ము, దానికి పిన్ను గుచ్చిన చీటీ. "46 తీసేయాలి. దవడకు రెండువైపులా ఎముకలో గడ్డలున్నాయి, బయాప్సీ చేయించాలి" అని ఉంది.

చీటీ రాసిన డాక్టర్ని తప్పుపట్టడానికి లేదు. ఆ ఫిల్ము చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. అసలు ఆ ఫిల్ము తీయడమే అనుకోకుండా జరిగింది. మామూలుగా ఒక పన్ను నొప్పికి చిన్న సెన్సార్ నోట్లో పెట్టి, ఆ పన్ను వరకే ఎక్స్‌రే తీస్తాం. ఈమె నోట్లో సెన్సార్ పట్టలేదు. పట్టక, దవడ మొత్తాన్ని బయటినుంచే తీసే ఓపీజీకి పంపారు. అలా, నోరు తెరుచుకోనివ్వని రోగం పుణ్యమా అని ఎముకలో ఉన్న రెండో రోగం బయటపడింది. నోరు బాగా తెరుచుకునే మనిషై ఉంటే చిన్న ఫిల్ములో వేరు కింద ఒక మచ్చ కనపడేది, చీముగడ్డ అనుకుని పన్ను లాగేసేవారు.

ఈ రెండు రోగాలూ ఒకే మనిషిలో కనపడటం అరుదే. ఆ సంగతి అటుంచితే, ఒకదానికి రోజూ చేసే వైద్యం రెండోదానికి హాని చేసే చోట్లు ఈ కేసులో చాలా ఉన్నాయి. వాటి కోసమే రాస్తున్నాను. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

నోటి సంగతి

పన్ను నొప్పి మొన్నటిది, నోటి బాధ పాతది. "కూర రుచి చూసేదానికి ల్యాదమ్మా. ఉప్పు సరిపోయిందో లేదో పక్కనున్న అమ్మాయిని అడుగుతున్నా. కారం తగిలితే నోరంతా మంట. సంగటి ముద్ద పట్టట్లా, చిదుపుకోని తింటున్నా" అంది. వంట మీద బతికే మనిషికి ఇది ఉద్యోగం పోయే సమస్య. హాస్టల్ ఓనరుకు ఇంకా చెప్పలేదట.

కేసు షీటులో అలవాట్ల దగ్గర మా జూనియర్ "పొగాకు లేదు, గుట్కా లేదు" అని రాసింది. రెండూ నిజమే. వక్క సంగతి విడిగా అడిగితే, "వక్కయితే నవుల్తా, అదేం అలవాటమ్మా, అందరూ నవిలేదేగా" అని నవ్వింది. పొద్దున నాలుగింటికి లేచి వందల మందికి ఇడ్లీ, ఉప్మా సిద్ధం చేయాలి. నిద్ర ఆగడానికి వేయించిన వక్క పలుకుల ప్యాకెట్లు. ఎడమ బుగ్గలో పెట్టుకుని గంటలకొద్దీ నానబెడుతుంది. వక్కలోని అరికోలిన్ మెదడును ఉత్తేజపరిచే మందులాంటిదే, కాబట్టి నిద్ర ఆగుతుందని ఆమె చెప్పింది అబద్ధం కాదు. అదే అరికోలిన్ నోటి పొర కింద ఫైబ్రోబ్లాస్ట్ కణాల చేత కొలాజెన్ అనే పీచు పదార్థాన్ని ఎక్కువగా తయారు చేయిస్తుంది. వక్కలో రాగి కూడా ఎక్కువే. కొలాజెన్ పోగులను ఒకదానికొకటి బిగించే లైసైల్ ఆక్సిడేజ్ అనే ఎంజైముకు ఆ రాగి తోడవుతుంది. పొగాకు లేకపోతే వక్క మంచిదేనన్న నమ్మకం మనవాళ్ళలో ఇంకా గట్టిగా ఉంది గానీ, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ఉత్త వక్కను కూడా మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో పెట్టింది.

పరీక్షలో పై ముందుపళ్ళకూ కింది ముందుపళ్ళకూ మధ్య 22 మిల్లీమీటర్లే తెరుచుకుంది. పెద్దవాళ్ళలో మామూలుగా 35 నుంచి 50 దాకా ఉంటుంది. రెండు బుగ్గల లోపలా పొర పాలిపోయి, వేలితో తడిమితే నిలువుగా గట్టి పట్టీలు తగిలాయి, ఎడమ పక్క మరీ ఎక్కువగా. పెదాల చుట్టూ ఒక బిగింపు. కొండనాలుక కుంచించుకుపోయి మొగ్గలా మిగిలింది. నాలుక పెదవి దాటి కొంచెమే వస్తోంది. ఎడమ బుగ్గ వెనక, వక్క పెట్టుకునే చోట, గోకినా పోని తెల్లమచ్చ ఒకటి.

ఇది ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్, అంటే నోటి లోపలి పొర కింద పీచు పేరుకుని బిగుసుకుపోయే రోగం అని చెప్పడానికి ఇంత చాలు. 1952లో ష్వార్జ్ కెన్యాలో ఉన్న ఐదుగురు భారతీయ స్త్రీలలో దీన్ని వర్ణించాడు. మరుసటి ఏడాది బొంబాయిలో జోషి ఇప్పుడు మనం వాడే పేరు పెట్టాడు. బెంగళూరులో ఏ డెంటల్ కాలేజీ ఓపీలో కూర్చున్నా తరచూ కనపడే రోగమే.

పళ్ళ మీద గోధుమరంగు చారలు, గుంటలు కూడా ఉన్నాయి. కనిగిరి పేరు వినగానే అవి ఎదురుచూసినవే. 1937లో షార్ట్, ఆయన తోటివారు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ గురించి రాసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసే. కనిగిరి కూడా ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోదే. చిన్నప్పుడు తాగిన బోరునీళ్ళ గుర్తులు ఇవి. ఈమె నోట్లో ఇది మూడో సంగతి. చిన్నదే అయినా, ఎక్స్‌రే దగ్గర కాసేపు దారి తప్పించేది ఇదే.

ఎముక సంగతి

ఓపీజీలో కింది దవడకు రెండువైపులా, ప్రీమోలార్ల (చిన్న దవడపళ్ళ) నుంచి జ్ఞానదంతం దాకా, దూదిపింజలు ముద్దగా పేర్చినట్టు దట్టమైన తెల్లటి గడ్డలు. ఒక్కో గడ్డ చుట్టూ సన్నటి నల్ల అంచు. కింది ముందుపళ్ళ వేళ్ళ కొసల దగ్గర సగం నలుపు, సగం తెలుపు మచ్చలు. పై దవడ వెనక భాగంలోనూ రెండువైపులా చిన్నచిన్నవి. అన్నీ పళ్ళు నాటుకునే భాగంలోనే, కింది దవడ నరం కాలువకు పైనే ఉన్నాయి.

మా పీజీ స్టూడెంట్ వెంటనే ఫ్లోరోసిస్ అంది. కనిగిరి మనిషి, ఫ్లోరైడ్ పళ్ళు, దట్టమైన ఎముక, లెక్క సరిపోయినట్టే ఉంది. కానీ ఎముకలకు పట్టే ఫ్లోరోసిస్ ముందు వెన్నెముక, కటి ఎముకల్లో కనపడుతుంది. మోచేతికీ మణికట్టుకూ మధ్య రెండు ఎముకలను కలిపే పొర గట్టిపడి సున్నం పేరుకుంటుంది. పంటి వేళ్ళ చుట్టూ విడివిడి గడ్డలు కట్టడం దాని లక్షణం కాదు. అయినా అనుమానం ఉంచుకోకుండా ముంజేయి ఎక్స్‌రే తీయించాం. శుభ్రంగా ఉంది.

ఎముక అడ్డదిడ్డంగా పెరిగే పాజెట్స్ వ్యాధి అయితే రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము బాగా పెరగాలి. మామూలుగానే ఉంది. పారాథైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పనిచేస్తుంటే రక్తంలో కాల్షియం, ఆ గ్రంథి హార్మోను పీటీహెచ్ పెరగాలి. అవీ మామూలే. గార్డ్‌నర్ సిండ్రోమ్ గురించి కొంచెం జాగ్రత్తగానే చూశాం. అందులో దవడ ఎముకల్లో ఆస్టియోమాలు (ఎముక గడ్డలు), అదనపు పళ్ళు, చర్మం కింద గడ్డలు ఉంటాయి. పెద్దపేగులో పాలిప్స్ ఉండి అవి క్యాన్సరవుతాయి కాబట్టి దాన్ని వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఈమెకు అలాంటివేమీ లేవు, ఇంట్లో ఎవరికీ పేగు జబ్బు లేదు. దవడ ఎముకలో పాత ఇన్‌ఫెక్షన్ సాధారణంగా ఒక పక్కే ఉంటుంది, సలుపుతుంది. ఇక్కడ రెండు పక్కలా ఒకే తీరు, 46 తప్ప ఎక్కడా నొప్పి లేదు.

తేల్చింది కింది ముందుపళ్ళు. చల్లటి స్ప్రే తగిలించినా, పంటి నరాన్ని కరెంటుతో పరీక్షించే పల్ప్ టెస్టర్ పెట్టినా ఆరు పళ్ళూ వెంటనే స్పందించాయి. లోపల నరం బతికే ఉంది. బతికున్న పంటి వేరు కొసన మచ్చ ఉంటే అది చీముగడ్డ కాదు, దానికి రూట్ కెనాల్ చేస్తే ఆరోగ్యంగా ఉన్న పన్నును చేజేతులా చంపినట్టు. తర్వాత తీసిన సీబీసీటీలో (దవడ త్రీడీ స్కాన్‌లో) గడ్డలకూ వేళ్ళకూ మధ్య, వేరును ఎముకకు పట్టి ఉంచే పీరియోడాంటల్ లిగమెంట్ గీత చాలాచోట్ల విడిగా కనపడింది.

ఇది ఫ్లోరిడ్ సిమెంటో-ఆసియస్ డిస్‌ప్లేసియా. ఇకమీదట ఎఫ్‌సీఓడీ అంటాను. 1976లో మెల్‌రోజ్, ఏబ్రమ్స్, మిల్స్ కలిసి 34 కేసులు రాశారు. ఎక్కువమంది నడివయసు నల్లజాతి స్త్రీలు. తూర్పు ఆసియా స్త్రీలలోనూ కనపడుతుంది, మన దేశంలో తక్కువ. మామూలు ఎముక పోయి, దాని స్థానంలో ముందు పీచు కణజాలం, తర్వాత క్రమంగా సిమెంటం (పంటి వేరు పైపొర) లాంటి గట్టి పదార్థం పేరుకుంటుంది. క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. బాధ లేకపోతే ముట్టుకోనక్కర్లేదు. ముట్టుకుంటేనే ప్రమాదం. గట్టిపడిన ఆ ముద్దలకు రక్తప్రసరణ బహు తక్కువ. పన్ను పీకో, ముక్క కోసో, ఇంప్లాంట్ దించో నోట్లోని సూక్ష్మజీవులకు దారి చూపిస్తే, లోపల పట్టిన ఇన్‌ఫెక్షన్‌ను ఎదుర్కొనే రక్తం అక్కడికి చేరదు. ఆస్టియోమైలైటిస్, అంటే ఎముకలో చీము పట్టే జబ్బు వచ్చి, చచ్చిన ఎముక ముక్కలు ఊడివచ్చే దాకా చీము ఆగదు.

ఇది చెప్తున్నప్పుడు ఆమెకు ఒకటి గుర్తొచ్చింది. పైన ఎడమవైపు 25వ పన్ను ఊరికెళ్ళినప్పుడు తీయించుకుంది. "ఆ పుండు ఆర్నెల్లు మానలా. చీము కారతానే ఉణ్ణింది. చివరికి రాయి లాంటి ముక్క ఊడొచ్చింది. పన్ను ముక్క మిగిలిందేమో అనుకున్నా." ఆ రాయి పన్ను ముక్క అయి ఉండదని నా గట్టి నమ్మకం. మాట్లాడుతూ మాట్లాడుతూ బయటపడిన ఈ సంగతి ఏ స్కాన్‌కూ తీసిపోదు.

రెంటికీ లంకె ఉందా

ఇలాంటి జంట కనపడగానే కొత్త సిండ్రోమ్ పేరు పెట్టాలని చేతులు దురదపెడతాయి. నాకు ఆ నమ్మకం లేదు. గట్టి వక్క నమలడం వల్ల ఎముక మీద ఒత్తిడి పడి ఇలా అయిందేమోనని కాన్ఫరెన్సులో ఒకరు అడిగారు. ఆమె వక్క ఎప్పుడూ ఎడమ బుగ్గలోనే. పొరలోని పట్టీలు, తెల్లమచ్చ ఎడమవైపే ఎక్కువ. ఎముకలోని గడ్డలు మాత్రం రెండువైపులా సమానం, నమలడంతో పనిలేని ముందుపళ్ళ కింద కూడా ఉన్నాయి. కాబట్టి పొర జబ్బు వక్కది, ఎముక జబ్బు దాని దారి దానిది. ఎఫ్‌సీఓడీ కొన్ని కుటుంబాల్లో నడుస్తుంది గనక ఆమె చెల్లెలికీ ఓపీజీ తీయించమన్నాను. ఏమీ లేదు.

పుట్టుకలో సంబంధం లేకపోయినా, బతుకులో ఒకదాన్నొకటి ఎగదోస్తున్నాయి. నోరు తెరుచుకోక బ్రష్ వెనకపళ్ళ దాకా వెళ్ళదు. వెళ్ళక పళ్ళు పుచ్చుతాయి. పుచ్చితే తీయాలంటారు. తీస్తే ఎముక కుళ్ళుతుంది. ఇదంతా విని ఆమె "గోరుచుట్టు మీద రోకటిపోటు" అని ఊరుకుంది.

ఎక్కడ కోయాలి, ఎక్కడ కోయకూడదు

చీటీలో రాసిన రెండు పనులూ ఆపేశాం. ఎఫ్‌సీఓడీని ఎక్స్‌రేలు, పల్ప్ పరీక్ష, రక్తపరీక్షలతోనే నిర్ధారించాలి. ముక్క కోస్తే రిపోర్టులో వచ్చేది మనకు ముందే తెలిసిందే, మిగిలేది మానని పుండు. అదే నోట్లో బుగ్గ మీది తెల్లమచ్చకు మాత్రం బయాప్సీ చేయకుండా వదిలితే నేరం. కేరళలోని ఎర్నాకుళంలో 66 మంది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ రోగులను 17 ఏళ్ళు వెంటాడి చూసి 1985లో ప్రచురించిన అధ్యయనంలో 7.6 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. మచ్చ దగ్గర పంచ్ బయాప్సీ చేశాం. పై పొర మందమైంది గానీ కణాల్లో డిస్‌ప్లేసియా (క్యాన్సర్ వైపు తిరిగే మార్పులు) లేదు, కింద కొలాజెన్ గాజులా గట్టిపడి ఉంది. పుండు మామూలుగానే మానింది. "ఎముక ముట్టుకోవద్దంటారు, చెంప కోస్తామంటారు" అని ఆమె భర్త విసుక్కున్నాడు. ఆయన్ని కూర్చోబెట్టి ఓపీజీ మీద వేలు పెట్టి చూపించాక శాంతించాడు.

ఇక 46. నరం చెడింది, పన్ను మాత్రం నిలబెట్టదగ్గదే. నొప్పి ఆగాలి, పన్ను ఉండాలి, నోరేమో 22 మి.మీ. కింది దవడకు మత్తు మామూలు పద్ధతిలో ఇవ్వాలంటే నోరు బార్లా తెరవాలి. పన్ను పక్కనే మత్తు ఇద్దామంటే ఆ దట్టమైన ఎముకలోంచి మందు ఇంకదు. ఇలాంటప్పుడు వజిరాణి, అకినోసి వేర్వేరుగా 1960లోనూ 1977లోనూ చెప్పిన పద్ధతి అక్కరకొస్తుంది. పళ్ళు మూసే ఉంచి, పైపళ్ళ చిగురు బుగ్గవైపు మెత్తటి పొరతో కలిసే గీత ఎత్తులో, దవడ ఎముకకు లోపలివైపునుంచి పొడవాటి సూది వెనక్కి పోనిస్తాం. ఫైబ్రోసిస్ ఉన్న పొరలో సూది తోలులో దిగుతున్నట్టు బిగుసుగా పోతుంది, తొందరపడితే వంగుతుంది. కాసేపటికి పెదవి మొద్దుబారింది.

ఆ పూట చిన్నతల హ్యాండ్‌పీస్‌తో పన్ను తెరిచి, పంటి లోపలి గదిలోని పల్ప్ (నరం ఉండే మెత్తటి భాగం) తీసి, మందు పెట్టి మూశాం. అంతకుమించి చేయలేదు. ఆ రాత్రి నిద్రపోయింది. మిగతా రూట్ కెనాల్ నోరు కొంత తెరుచుకున్నాక వేరు లోపల శుభ్రం చేసే 21 మి.మీ. పొట్టి ఫైళ్ళతో, పన్ను చుట్టూ రబ్బర్ డ్యామ్ (రబ్బరు తెర) బిగించి, వేరు కొస దాటకుండా పూర్తి చేశాం. కొస దాటిన ఫైలు మామూలు నోట్లో రెండు రోజుల నొప్పి, ఇక్కడ ఆ ముద్దలోకే సూక్ష్మజీవులను నెట్టినట్టు.

నోరు తెరిపించడం గురించి సర్జన్ మిత్రుడితో కొంత వాదన జరిగింది. ఆయన పట్టీలు కోసి, బుగ్గ కొవ్వు పొర కప్పి, జ్ఞానదంతాలు తీసేద్దామన్నాడు. అతికించిన పొరను ఆ పళ్ళు కొరకకుండా వాటిని తీయడం ఆ సర్జరీలో మామూలే. ఈమె కింది జ్ఞానదంతాలు రెండూ గడ్డల మధ్యే ఉన్నాయి. ఫిల్ము చూశాక ఆయనే వద్దన్నాడు. స్క్రూ తిప్పి దవడలను బలవంతంగా విడదీసే హైస్టర్ పరికరం కూడా నేను వాడలేదు. ఆ బరువంతా ఒకటి రెండు పళ్ళ మీదే పడుతుంది. పన్ను కదిలి, చిగురు తెగి, కింద ముద్ద బయటపడితే కథ మొదటికొస్తుంది.

వక్క మానిపించడం అన్నిటికన్నా కష్టమైంది. మానేస్తే పొద్దున నాలుగింటికి తూగుతోంది. చివరికి ఆమె దొరకబుచ్చుకున్నది గోరువెచ్చటి టీ, నోట్లో నాలుగు సోంపు గింజలు. హిమోగ్లోబిన్ 9.1 ఉండటంతో ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చాం, లైకోపీన్ క్యాప్సూళ్ళు జతచేశాం. షుగర్ లేదని చూసుకున్నాక వారానికోసారి పట్టీల్లోకి 4 మి.గ్రా. డెక్సామెథసోన్ (స్టెరాయిడ్), 1500 యూనిట్ల హయలురోనిడేజ్ (కణజాలాన్ని వదులుచేసే ఎంజైము) కలిపి ఆరు వారాలు ఇంజెక్షన్లు. ఇంట్లో ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పళ్ళ మధ్య పెట్టి వ్యాయామం, దొంతర కుడిఎడమలు మారుస్తూ, నొప్పి మొదలవగానే ఆపేస్తూ. మూడు నెలలకు 31 మి.మీ. వచ్చింది. మంట చాలావరకు తగ్గింది, ఉప్పు తనే చూసుకుంటోంది. పట్టీలు మెత్తబడ్డాయి గానీ పోలేదు. పోతాయని ఆమెకు చెప్పలేదు కూడా.

టూత్‌పేస్ట్ దగ్గర చిన్న చిక్కు వచ్చింది. ఫ్లోరైడ్ పళ్ళున్న వాళ్ళు ఫ్లోరైడ్ పేస్ట్ వాడకూడదని ఊళ్ళో ఎవరో చెప్పగా ఏళ్ళ తరబడి ఉత్త పళ్ళపొడితో తోముతోంది. చారలు పడేది పన్ను ఎముకలో తయారయ్యే వయసులో. 44 ఏళ్ళ మనిషి పేస్ట్ వాడి ఉమ్మేస్తే కొత్తగా చార పడదు. పన్ను పుచ్చితే తీయడానికి వీల్లేని మనిషికి ఆ పేస్టే రక్ష. చిన్నపిల్లల బ్రష్ ఇచ్చాం, తల చిన్నది కాబట్టి వెనకదాకా వెళ్తుంది.

ఒక కార్డు తెలుగులో, ఇంగ్లీషులో, కన్నడంలో రాసి లామినేట్ చేసి ఇచ్చాం. పన్ను తీయడం, ఇంప్లాంట్, దవడ ఎముక బయాప్సీ మాతో మాట్లాడకుండా చేయవద్దని. ఇంకో నాలుగేళ్ళలో ముట్లు ఆగిపోయి ఎముకలు బలహీనమని ఎవరైనా బిస్ఫాస్ఫొనేట్ మాత్రలో డెనోసుమాబ్ ఇంజెక్షనో రాస్తే, ముందు ఈ దవడ సంగతి ఆలోచించాలని కూడా. అసలే రక్తం తక్కువైన ఎముకకు ఆ మందులు ఇంకో భారం. మూడు నెలలకోసారి బుగ్గ పొర, ఏడాదికోసారి ఓపీజీ చూస్తాం.

ఇప్పుడు ఆమె పట్టు 25వ పన్ను ఖాళీ మీద. నవ్వితే కనపడుతుందట. ఇంప్లాంట్ మాటే లేదు. తీసి పెట్టుకునే పన్నయితే చిగురును ఒరుసుకుని, ఆ పలచటి పొర కింది గడ్డను బయటపెట్టవచ్చు. పక్కపళ్ళను అరగదీసి బ్రిడ్జి కట్టడానికి నాకు మనసు రావడం లేదు. మిగిలింది పక్కనున్న 26వ పన్ను వెనక రెక్క అతికించి నిలబెట్టే చిన్న బ్రిడ్జి. ఫ్లోరోసిస్ ఎనామెల్ పైపొర యాసిడ్‌కు సులువుగా లొంగదు కాబట్టి పైపొర కొంచెం గీకి, ఎచింగ్ (అతుకు పట్టడానికి యాసిడ్ రాయడం) మామూలు కన్నా ఎక్కువసేపు ఉంచాలి. తిరునాళ్ళకు ఊరెళ్ళేలోపు పెట్టేయమంటోంది. నోరు 30 మి.మీ. దగ్గర నిలబడితే పెడతాను.